గొట్టంలో పిట్ట

ఇప్పుడంటే ఫోన్ కొత్త వెర్షన్ వేసుకోమన్నా "తర్వాత చూద్దాంలే" అని పక్కన పడేస్తున్నాను గానీ, సౌదీలోని జుబైల్‌లో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు ఏ పనైనా పండగే. మాదో చిన్న జట్టు. తుపాకీ గొట్టం లాంటి దాంట్లో రెక్కలు ముడిచిన బుల్లి విమానాన్ని పెట్టి, గాలి ఒత్తిడితో పైకి పేల్చాలి. బయటపడగానే స్ప్రింగులు రెక్కల్ని విప్పాలి, అది ఎగురుతూ ఫ్యాక్టరీ చిమ్నీల పైభాగాన్ని కెమెరాలో చూపించాలి. మేం దాన్ని ముద్దుగా పిట్ట అనేవాళ్లం. (రెక్కల డిజైన్ నాది. అడగనివాళ్లకి కూడా చెప్పేవాణ్ణి.)

గొట్టం చేసింది జగిత్యాల ఫిట్టరు. వయసులో పెద్దాయన, మా అందరికీ మామ. మా సౌదీ మేనేజరు, అంటే ముదీర్, ముందే చెప్పేశాడు: కంపెనీ పెద్దల ముందు పిట్ట ఎగరకపోతే జట్టు ఉండదు, అందరికీ ఖురూజ్, అంటే ఎగ్జిట్ ముద్ర, కొట్టి ఇంటికి పంపడమే. నాకు అన్నం సయించలేదు. మామ మాత్రం పిట్ట బరువున్న సొరకాయల్ని గొట్టంలో పెట్టి పేలుస్తూ, "అల్లుడా, ఎట్ల వోతాందో సూడు!" అని చప్పట్లు కొట్టేవాడు. (పగిలినవి కూర వండుకునేవాళ్లం. పంటికింద ఇసుక తగిలేది.)

ఆ రోజు ఫ్యాక్టరీ పక్క ఎడారిలో షామియానా కింద పెద్దలు కూర్చున్నారు. మీట నొక్కాను. ధడేల్‌మంటూ పిట్ట నిటారుగా పైకి పోయి, అంతే నిటారుగా కిందికొచ్చి ఇసుకలో కూరుకుపోయింది. పరుగున వెళ్లి తవ్వి తీస్తే, ముడిచిన రెక్కల చుట్టూ నల్లదారం! తాళి కట్టినట్టు మూడు ముళ్లు.

వెనకే వచ్చిన మామ మొహం పాలిపోయింది. "ఇంతమంది సూస్తరు గదా, దిష్టి తాకుతదని పొద్దుగాల గొట్టంల వెట్టేటప్పుడు నేనే కట్టిన."

"కట్టేదుంటే గొట్టానికి కట్టకపోయినవా మామా!"

అప్పటికే ముదీర్ వచ్చి నిలబడ్డాడు. కట్టింది తనేననీ, పిల్లవాడి తప్పేం లేదనీ మామ వచ్చీరాని హిందీలో చెప్పేశాడు. దిష్టంటే ఏమిటో నేను ఇంగ్లీషులో తంటాలు పడుతూ వివరించాను. ఇక అందరం సామాన్లు సర్దుకోవడమే అనుకుంటుంటే, ముదీర్ ఆ దారం వేలికి చుట్టుకుని పకపకా నవ్వాడు. "ఆ భయం మా ఇంట్లోనూ ఉంది. మేం మాషా అల్లా అంటాం. మాటైతే రెక్కలకు అడ్డం రాదు."

అదనంగా తెచ్చుకున్న రెండో పిట్టను గొట్టంలోకి ఎక్కించాం. ముదీర్ పెద్దలందరి చేతా మాషా అల్లా అనిపించాడు. అందరికంటే గట్టిగా అన్నది మామే. మీట నొక్కాను. ధడేల్! టప్పున రెక్కలు విచ్చుకున్నాయి! ఎంత కేక పెట్టానో, గొంతు పోయింది. ముదీర్ కాళ్లదాకా ఉన్న తెల్లటి అంగీ, తోబ్, ఎత్తి పట్టుకుని మాతోపాటు గెంతాడు. స్క్రీన్ మీద చిమ్నీ అంచున తుప్పు కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

తిరిగొస్తూ పిట్ట మమ్మల్నీ చూపించింది. ఆ వీడియో ఇంకా నా దగ్గరుంది. మొన్న మా అమ్మాయికి చూపిస్తే, "చేతులెత్తి గుండ్రంగా పరుగెడుతున్న ఆ పిచ్చోడెవరు నాన్నా?" అంది. నేనేనంటే నమ్మలేదు. దాన్నేం అంటాను? నాకే ఒక పట్టాన నమ్మకం కుదరలేదు. వాణ్ణి చూస్తే మాత్రం భలే ముద్దొచ్చింది.