కిటికీలో పాదుషా, ఇసుకలో సుగనా

సుగనా మొండిది. ఆమె మొగుడు బతికున్నన్నాళ్లూ ఈ మాటే అన్నాడు, అత్తా అంది, కోడలు లాఛో ఇప్పటికీ పూటకోసారి అంటుంది. అసలు ఆగ్రాలో యమున ఇసుకలో ఖర్బూజ పండించేవాళ్లలో మొండితనం లేనివాళ్లెవరు గనక? ఏటేటా వానాకాలం నది వచ్చి పాదులన్నీ ఊడ్చుకుపోతుంది. నీళ్లు తీయగానే అదే ఇసుకలో మళ్లీ గుంటలు తవ్వి, పెంట పోసి, గింజలు పెడతారు. ఆ జాతి మనిషి ఒక పట్టు పట్టిందంటే ఇక పట్టిందే.

ఆమె పట్టిన పట్టు ఇది: పాదుషా ఊళ్లో ఉన్నన్నాళ్లూ, పొద్దున్నే కోట కిటికీలో ఆయన ముఖం చూడందే పచ్చి గంగైనా ముట్టదు.

ఆ కిటికీ నది వైపు గోడలో, బాగా ఎత్తున ఉంటుంది. తెల్లవారగానే ఆయన అక్కడికొచ్చి నిలబడతాడు. కింద ఇసుకలో జనం తలెత్తి చూస్తారు. ఫిర్యాదు ఉన్నవాళ్లు పైనుంచి వేలాడే తాడుకు కాగితం కడితే, అది నేరుగా ఆయన చేతికే పోతుంది. సుగనా జీవితంలో ఆ తాడు ముట్టుకోలేదు. ఆమెకు కావలసింది చూపు ఒక్కటే.

ఆమె పిల్లగా ఉన్నప్పుడు ఈ ఎర్రగోడ లేదు, పాత ఇటుక కోట ఉండేది. కొత్తగా గద్దెనెక్కిన కుర్ర పాదుషా దాన్ని పడగొట్టించి రాతితో కట్టించాడు. ఆ కట్టుబడిలో సున్నం తట్టలు మోసింది సుగనా. "ఆ కిటికీ కింద రాళ్లలో నా చెమటుంది" అని ఇప్పటికీ గొప్పలు పోతుంది. అప్పటికి ఆమెకు ఆయనంటే భక్తీ లేదు, భయమూ లేదు. కూలి ఇప్పించే మారాజు, అంతే.

భక్తి తర్వాత పుట్టింది, అత్త వల్ల. చచ్చేలోగా మథురలో ఒక్క మునక వేయాలని ఆ ముసలామె కోరిక. అక్కడ రేవు దగ్గర సర్కారు మనుషులు యాత్రికుల దగ్గర తలపన్ను వసూలు చేసేవాళ్లు. ఇంట్లో ఉప్పుకే తడుముకునే రోజులవి, పన్నెక్కడ కడతారు? ముసలామె ఆ కోరికను నోట్లోనే నమిలి మింగుతూ ఉండేది. ఒక ఏడు ఉన్నట్టుండి సంతలో దండోరా వేశారు. యాత్రల మీద పన్ను ఎత్తేశామని. పాదుషా వేటకు పోయి, రేవులో జరిగే వసూలు కళ్లారా చూశాడట. దేవుడి దగ్గరికి పోయేవాడి దారికి అడ్డంపడి గుంజుకోవడమేమిటని మండిపడ్డాడట.

అత్త మునిగొచ్చింది. ఇంట్లో అడుగు పెట్టకముందే కోడల్ని పిలిచింది.

"ఒసే సుగనా, ఆయన మనోడు కాదు కదే. నమాజు చేసుకునేవాడు. మన దేవుడికి దారి విడిచాడే! కడుపు చల్లగా ఉండాలి."

మర్నాడు సుగనా ఏమీ తినకుండా కిటికీ కిందికి వెళ్లింది. పైన నిలబడ్డ మనిషి పెద్ద పొడగరేం కాదు. బజారులో ఎదురైతే తప్పుకుని పోయేంత మామూలు మనిషి. అయినా ఎక్కడెక్కడి జనమో చుట్టూ నిలబడి ఉన్నారు. తూరాను దేశపు గుర్రపు రౌతులు, రాజపుత్రులు, గుజరాతీ షావుకార్లు, కాశ్మీరు శాలువాల వాళ్లు, పేరు కూడా తెలియని దేశాల తెల్లతోలు వాళ్లు. ఒకడి మాట ఒకడికి తెలియదు, ఒకడి తిండి ఒకడికి గిట్టదు. అందరి తలలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఇంతమందిని ఒక్క మనిషి ఎలా మోస్తున్నాడమ్మా అనుకుంది. సున్నం తట్ట మోసిన మెడ కనుక బరువు సంగతి ఆమెకు తెలుసు.

ఆ రోజు నుంచీ అదే నియమం. మొగుడు ఉడుక్కునేవాడు.

"కట్టుకున్నవాడి ముఖం చూడకుండా, పొద్దున్నే ఎవడి ముఖమో చూడ్డానికి పరిగెడతావేమే?"

"పొద్దున్నే నీ ముఖం చూసిన రోజున పాదులు ఎండిపోతున్నాయయ్యా. అందుకని."

మనిషికి మొక్కడమేమిటని ముల్లా గొణిగాడు. పరమతం వాణ్ణి చూసి అన్నం తినడమేమిటని పురోహితుడు గొణిగాడు. సుగనా ఇద్దరి మాటా ఒకేలా వింది. అంటే వినలేదు.

పాదుషా దండయాత్రలకు పోయినప్పుడు మూసిన కిటికీకే దండం పెట్టుకుని తినేది. యజమాని ఊళ్లో లేకపోతే గడపకు పెట్టిన దండం చాలునని ఆమె లెక్క. ఆయన ఊళ్లో ఉండి కనబడకపోతే మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఇలా ఏళ్లు గడిచాయి. అత్త పోయింది, మొగుడు పోయాడు. కొడుకు పడవల మీద సరుకు వేసుకుని అలహాబాదు వైపు తిరుగుతూ ఏడాదికోసారి ఇల్లు చేరతాడు. మిగిలింది కోడలు లాఛో. పాదుషా మీసం నెరిసిన రోజుల్లోనే సుగనా జుట్టూ నెరిసింది. "మేమిద్దరం ఒకే పొలంలో పంటలం" అని నవ్వేది. తర్వాత ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. గోడ ఎర్రగా అలికినట్టు కనిపించేది, అందులో కిటికీ ఎక్కడో తెలిసేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయన రాగానే జనం "పాదుషా సలామత్!" అంటూ, ఆయన చల్లగా ఉండాలని హోరెత్తిస్తారు. ఆ హోరు వినబడితే ఆయన వచ్చినట్టే. చేతులెత్తి మొక్కి, ఇంటికొచ్చి రొట్టె తినేది. లాఛోకు తెలుసు. తెలియనట్టే చెయ్యి పట్టుకుని నడిపించేది.

వాళ్ల పక్కన రోజూ నిలబడేవాడు ఇద్దూ. తోలుతిత్తితో నీళ్లు మోసే భిస్తీ, నోటికి మూత లేనివాడు. వాడి బావమరిది కోటలో పాదుషా తాగే నీళ్ల కొట్టులో పని చేస్తాడు. ఇక వాడి కోతలకు అంతుండదు.

"అక్కా, హుజూర్ తాగేది మీ గంగే, తెలుసా? గంగ ఒడ్డున సోరోం రేవులో పట్టి, కూజా మూతికి లక్క ముద్రేసి తెస్తారు. ఆ కూజాని సురేకారం కలిపిన నీళ్లలో పెట్టి తిప్పితే మంచులా చల్లబడుతుంది. నడివేసవిలో పట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోవాల్సిందే!"

"నువ్వు పట్టుకున్నావేంట్రా?"

"మా బావమరిది పట్టుకున్నాడు."

"వాడి చెయ్యి కొంకర్లు పోతే నీకు నోరెందుకు తిరుగుతోందిరా?" అనేది సుగనా.

ఒక వేసవిలో పాదుషా మంచం పట్టాడు. మొదటి పూట కిటికీ తెరుచుకోలేదు. జనం చాలాసేపు చూసి, గుసగుసలాడుకుంటూ చెదిరిపోయారు. హోరు లేదు. సుగనా ఇంటికొచ్చి గుడిసె నీడలో పడుకుంది. రొట్టె వద్దంది, నీళ్లూ వద్దంది. సాయంత్రానికి పెదాలు పగిలాయి. లాఛో సొమ్మసిల్లి పడున్న అత్తను చూసి హడలిపోయి, ఏడుస్తూ ఇద్దూ దగ్గరికి పరుగెత్తింది.

"ఈ ఎండలకి రేపు కూడా ఇలాగే ఉంటే మా అత్త బతకదు భాయ్. ఆమెకు కళ్లు కనబడవు, హోరు వింటేనే తింటుంది. ఏదో ఒకటి చెయ్యి."

ఇద్దూ తల గోక్కున్నాడు. మర్నాడు అందరికంటే ముందొచ్చి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. కిటికీ మూసే ఉన్నా నేను చెయ్యెత్తగానే అరవండి, ఒక ముసలి ప్రాణం నిలబడుతుంది, అని బతిమాలాడు. రాజపుత్ర కావలివాడు సరే అన్నాడు. తూరాను రౌతు కళ్లు తుడుచుకుని సరే అన్నాడు. గుజరాతీ షావుకారు ఒక్కడే అడ్డం తిరిగాడు.

"నేను అబద్ధం ఆడను. మా గురువుల దగ్గర నియమం పట్టాను."

"అబద్ధమేముంది సేఠ్‌జీ? పాదుషా చల్లగా ఉండాలని అరవమంటున్నా. ఆయన జబ్బుతో పడున్నాడు. ఇప్పుడు కాకపోతే ఆ మాట ఇంకెప్పుడంటాం?"

షావుకారు ఆ లెక్క ఒప్పుకున్నాడు. తర్వాత అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే.

మూసిన తలుపుల ముందు ఆ జనమంతా ఎవరి గొంతుతో వాళ్లు హోరెత్తించారు. సుగనా ముఖం వికసించింది. చేతులెత్తి మొక్కింది. ఇంటికొచ్చి రొట్టె తింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. లాఛోకు ఒక పక్క సంతోషం, ఒక పక్క నిజం తెలిస్తే ఏమవుతుందోనని భయం. సుగనా మాత్రం కిటికీ కిందికి వచ్చేటప్పుడు కొత్త కాపులో ఖర్బూజ ఒకటి కొంగులో పెట్టుకొచ్చి, "పోయేటప్పుడు బజారులో అమ్ముదాం, వాసన చూడవే ఎంత బాగుందో" అని మురిసిపోయేది.

అలాంటి ఒక పొద్దున కిటికీ నిజంగానే తెరుచుకుంది.

నలుగురు మనుషులు పట్టుకుని తెచ్చి ఆయన్ని కూచోబెట్టారు. బుగ్గలు లోపలికి పోయాయి. తలపాగా కింద ముఖం పిడికెడయింది. చెయ్యెత్తబోయి ఎత్తలేకపోయాడు. కింద ఇసుకలో ఒక్క గొంతూ పెగల్లేదు. అరవాల్సిన ఇద్దూ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. షావుకారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అంతమంది ఉన్నచోట నది పారే చప్పుడు వినిపించింది.

"ఇవాళ రాలేదా?" అంది సుగనా.

"వచ్చారత్తా," అంది లాఛో. "అదిగో, కూచున్నారు."

"మరి అరవరేం?"

అత్త మళ్లీ మళ్లీ గుచ్చి అడిగేసరికి లాఛో ఆపుకోలేక మొత్తం కక్కేసింది. నిన్నా మొన్నా కిటికీ మూసే ఉందని, అరుపులన్నీ ఉత్తివేనని, ఇవాళ్టిది మాత్రం నిజమని, ఆయన్ని చూసి అందరికీ నోరు పడిపోయిందని.

ఖర్బూజ సుగనా కొంగులోంచి జారి ఇసుకలో పడింది.

"అంటే ఆయన రాని రోజున నేను తిన్నానా? ఇన్నేళ్ల నియమం గంగపాలు చేశారు గదే!" ఇసుకలో చతికిలబడింది. "అరిచినప్పుడు లేడు, అరవనప్పుడు ఉన్నాడా? ఇంకెవర్ని నమ్మాలే నేను? ఆయన వచ్చాడని నాకు నాకుగా తెలిసేదాకా ఇక్కణ్ణించి కదల్ను. ఒక్క చుక్క ముట్టను."

"నీకు కళ్లు కనబడవు కదక్కా," అన్నాడు ఇద్దూ మెల్లగా.

"కనబడవని నీకు తెలుసు గనకే గదరా ఈ నాటకం ఆడావు!"

ఎండ అప్పుడే కాలుతోంది. లాఛో కాళ్లు పట్టుకుంది, కావలివాడు నచ్చజెప్పాడు, ఆమె చలించలేదు. ఇద్దూకు ఇక దిక్కు తోచలేదు. ఇసుకలో పడ్డ ఖర్బూజ తీసి, ఫిర్యాదుల తాడు దగ్గరికి నడిచి, గట్టిగా కట్టాడు. కాగితం లేదు, రాయడం రాదు. పైనున్న అధికారి వంగి కసిరాడు.

"ఏయ్! ఏమిటిది? ఎవరి ఫిర్యాదు?"

ఇద్దూ గొంతు చించుకున్నాడు. "ఇక్కడో గుడ్డి ముసలమ్మ ఉంది హుజూర్! పండు ఆమెదే! జహాపనాని చూడందే పచ్చి గంగ ముట్టదు! మేం ఉత్తుత్తి అరుపులరిచి మోసం చేశాం! ఇప్పుడు జహాపనా నిజంగా వచ్చారంటే నమ్మట్లేదు! మేమింకేం చెయ్యాలో చెప్పండి!"

పాదుషా ముఖం మీద ఇలాంటి మాట అరిచినవాడి తల ఉంటుందో ఊడుతుందో. ఖర్బూజ గోడకు తగులుతూ మెల్లగా పైకి పోయింది. కిటికీలో తలలు వంగాయి, మాటలేవో జరిగాయి. కిందికి ఏమీ వినబడలేదు.

తర్వాత తాడు కిందికి దిగింది. దాని చివర తడిగుడ్డ చుట్టిన కూజా ఉంది.

ఇద్దూ అది విప్పబోయి "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. విప్పి తెచ్చి సుగనా ఒళ్లో పెట్టాడు. ఆమె రెండు అరచేతులూ కూజాకు తగిలాయి. ఒళ్లంతా ఉలిక్కిపడింది. కాలే ఇసుక మధ్య, నిప్పులు చెరిగే ఎండలో, ఎముకలు కొరికే చల్లదనం. యమున ఒడ్డున ఏ మనిషి దగ్గరా ఉండని చల్లదనం. వేళ్లతో మూతి తడిమింది. లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

ఇంకొక ప్రభువైతే షర్బతు పంపేవాడు, తన పళ్లెంలోంచి రొట్టె పంపేవాడు. పరాయి మతం వాళ్ల చేతి తిండి ఆమె ప్రాణం పోయినా ముట్టేది కాదు. అన్ని దేశాలు, అన్ని జాతులు, అన్ని మతాల దేవుళ్లు తలమీద ఉన్న ఆ మనిషికి, లేచి నిలబడే ఓపిక కూడా లేని ఆ పూట, ఇసుకలో కూచున్న ఒక ఖర్బూజల ముసల్ది ఏది తాగుతుందో, ఏది తాగదో గుర్తుంది. అది తలుచుకుంటే ఈ కథ చెప్పేవాళ్లకు ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

"గంగే," అంది సుగనా. "ఆయన తాగే గంగే. వచ్చాడే లాఛో, వచ్చాడు!"

లాఛో ముద్ర పగలగొట్టింది. సుగనా దోసిలి పట్టి కళ్లకద్దుకుంది. నోటిదాకా తెచ్చి ఆగింది.

"ఒరే ఇద్దూ, మంచంలో ఉన్నవాడు కదా. ఆయన ఏమైనా తిన్నాడేమో అడుగు."

"నేనా? ఇందాక బతికి బయటపడిందే గొప్ప!"

"అడగరా."

అడిగాడు. కిటికీలో మళ్లీ తలలు వంగాయి. ఈసారి తాడు చివర చిన్న పట్టు గుడ్డ మూట దిగింది. లాఛో విప్పి అత్త అరచేతిలో పోసింది. ఖర్బూజ గింజలు. జిగురు ఇంకా ఆరలేదు, గుజ్జు పోగులు అంటుకునే ఉన్నాయి. సుగనా వాటిని బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"తిన్నాడు," అంది. దోసిట్లో నీళ్లు గటగటా తాగేసింది.

అప్పుడు లేచింది జనంలోంచి హోరు. ఎవరి గొంతుతో వాళ్లు, ఎవరి భాషలో వాళ్లు, గోడ అదిరేలా. ఆ హోరులో సుగనా గింజల్ని కొంగుకు జాగ్రత్తగా ముడేసుకుని కోడలి చెయ్యి గుంజింది.

"అరిచింది చాలు గానీ, రొట్టె తియ్యవే. ఆకలి దంచేస్తోంది."