కిటికీలోంచి ఎక్కిన బస్టాపు

మా అక్క కూతురు మంచి పిల్ల. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పే అవకాశం వస్తుందో రాదో.

అది మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. భవనాలకు నమూనాలు గీసే చదువు. నేనేమో సిటీ బస్సులో కండక్టర్ని. నా ఖర్మ కొద్దీ దాని కాలేజీ నా రూట్లోనే ఉంది. రోజూ పొద్దున బస్సు మా వీధి చివర స్టాపుకి వచ్చేసరికి అది స్తంభం పక్కన నిటారుగా, ఒక్కతే, లైన్లో నిలబడి ఉంటుంది. ఒక్క మనిషి లైను ఎలా అవుతుందని నన్నడక్కండి. దాన్నడిగితే చెబుతుంది: "ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా పిన్నీ!"

మిగతా జనం బెల్లం చుట్టూ ఈగల్లా తలుపు చుట్టూ మూగుతారు. ఇది వెనకనుంచి, "దిగేవాళ్ళని దిగనివ్వండి!" అని అరుస్తుంది. "ముందు ఎక్కనివ్వు తల్లీ, తర్వాత అందరం కలిసే దిగుదాం" అంటాడు ఎవడో. అందరూ నవ్వుతారు. అది ఎక్కేసరికి సీటు సంగతి దేవుడెరుగు, రెండో కాలు పెట్టడానికి కూడా చోటుండదు.

బస్సులో దానికి ముగ్గురు ఆగర్భ శత్రువులున్నారు. మొదటివాడు కర్చీఫ్ మాస్టారు. బడిలో పాఠాలు చెప్పే పెద్దమనిషి. వరస తప్పిన పిల్లల్ని గోడకుర్చీ వేయిస్తాడట. ఆయన మాత్రం బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫ్ విసురుతాడు. గురి తప్పిన రోజు లేదు. తనకొకటి, తోటి మాస్టారికొకటి వేసేసి, ఆ తర్వాత పెళ్ళికొడుకులా తాపీగా ఎక్కుతాడు. రెండోవాడు మోచేతులాయన, ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆయన మోచేతులు ఆయనకంటే ముందు బస్సెక్కుతాయి. మూడో మనిషి స్పీకరమ్మ. ఆస్పత్రిలో చీటీలు రాస్తుంది. ఫోను స్పీకర్లో పెట్టి తన ఆడపడుచుతో దారంతా మాట్లాడుతుంది. ఆవిడ రెండు రోజులు రాకపోతే మా డ్రైవరు నన్నడిగాడు, "ఆ ఆడపడుచు ఇల్లు మారిందా లేదా అక్కా?" అని.

ఒకరోజు మా పిల్ల మాస్టారి కర్చీఫ్ తీసి, శుభ్రంగా మడతపెట్టి, "మాస్టారూ, మీ కర్చీఫ్ సీట్లో పడిపోయింది, జాగ్రత్త చేసుకోండి" అని ఆయన చేతిలో పెట్టి, ఆ సీట్లో కూర్చుంది.

"పడిపోలేదమ్మా, వేశాను" అన్నాడాయన.

"వేస్తే దానికి టిక్కెట్టు తీసుకున్నారా?"

బస్సంతా గొల్లుమంది. మాస్టారి ముఖం కందగడ్డయింది. అంతటితో ఊరుకుందా? "పిన్నీ, నువ్వే చెప్పు! కర్చీఫ్ ప్రయాణికుడా?" అని నన్ను మధ్యలోకి లాగింది. అప్పటిదాకా అది నా అక్క కూతురని బస్సులో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి దానికి 'రూల్సు' అని పేరొచ్చింది. నాకు 'రూల్సు పిన్ని' అని.

"నా బస్సులో నీ పంచాయితీలు వద్దే తల్లీ. నన్ను ఉద్యోగం చేసుకోనివ్వు" అని ఇంటికొచ్చాక మొత్తుకున్నాను. వింటేగా! కాలేజీలో పరీక్షకి ఏదో ఒక కట్టడం నమూనా చేసి తెమ్మన్నారట. లోకంలో ఇన్ని కట్టడాలుండగా ఇది బస్టాపు ఎంచుకుంది.

"జనం చెడ్డవాళ్ళు కాదు పిన్నీ. స్టాపు సరిగ్గా కట్టలేదు, అంతే. సరిగ్గా కడితే వాళ్ళే వరసలో నిలబడతారు."

"నిలబడతారు, నిలబడతారు. ఫొటోలో" అన్నాను.

ఇక మా రెండు గదుల ఇంట్లో అన్నం బల్ల బస్టాపైపోయింది. మేము కింద కూర్చుని తిన్నాం. మా ఆయన దువ్వెనకి జిగురంటుకుంది. జుట్టుకెక్కడంటుకుందో ఆయన ఇప్పటికీ చెప్పడు. పాత క్యాలెండరు అట్టతో గోరంత గోరంత మనుషుల్ని కత్తిరించి, చిన్న బస్సు ముందు వరసగా అంటించింది. వాళ్ళలో ఒక బొమ్మకి నీలం సంచీ ఉంది. అది ఎవరని నేను అడగలేదు. దాని సంచీ కూడా నీలమే.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, అప్పుడు నా గుండెల్లో రాయి పడి ఉంది. పోయినసారి ఇదే పరీక్షకి అది ఆలస్యంగా వెళ్ళి తప్పింది. ఎందుకాలస్యమైందో వేరే చెప్పాలా? వచ్చిన ప్రతి బస్సులోకీ జనాన్ని ఎక్కించి, తను మిగిలిపోయింది. మా బావగారు ఫోన్లో ఒకటే మాట అన్నారు: "ఈసారీ తప్పితే పుస్తకాలు సర్దుకుని వచ్చెయ్." ఆయన నోట్లోంచి బయటికొచ్చిన మాట మళ్ళీ లోపలికి పోదు. నాకా, పిల్లల్లేరు. అది వెళ్ళిపోతే నా ఇల్లు బావురుమంటుంది. అంతగా నా ప్రాణం తీసే మనిషి నాకింకెవరున్నారు?

"ఆ రోజుకి ఆటోలో వెళ్ళవే" అని బతిమాలాను.

"బస్టాపుని ఆటోలో తీసుకెళ్తే నవ్విపోరా పిన్నీ?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ముందు రావలసిన బస్సు రాలేదేమో, స్టాపులో ఇసకేస్తే రాలని జనం. మా పిల్ల స్తంభం పక్కన, బస్టాపుని రెండు చేతుల్లో పెట్టుకుని, లైన్లో ఉంది. బస్సు ఆగింది. కర్చీఫులు ఎగిరాయి. మోచేతులు లేచాయి. అది ఒకడుగు ముందుకేస్తుంది, ఎవరో తోస్తారు, నమూనా నలిగిపోతుందని రెండడుగులు వెనక్కేస్తుంది. చూస్తుండగానే బస్సు నిండిపోయింది. అది కిందే ఉంది.

"రైట్ చెప్పక్కా!" అన్నాడు డ్రైవరు.

 దాని ముఖం చూశాను. ఏడవట్లేదు, అదే నా వల్ల కాలేదు. "హోల్డాన్!" అని అరిచాను, నా కేక నాకే కొత్తగా వినిపించింది.

"ఎవరికోసమమ్మా హోల్డాను? మాకు ఆఫీసుల్లేవా?" అని లోపలినుంచి గోల. "ఆ పిల్ల ఎక్కేదాకా ఈ బండి కదలదు. ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాను. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వాడికీ అది చెల్లెల్లాంటిదే.

అప్పుడు కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. కర్చీఫ్ మాస్టారు. "ఏమ్మా రూల్సూ! దాన్నిటివ్వు."

"కిటికీలోంచా?"

"మరి తలుపులోంచి వస్తుందా?"

అది నావైపు చూసింది. దొంగతనం చెయ్యమన్నట్టుగా ముఖం పెట్టింది. "ఇవ్వవే! నీ రూల్సు రేపు చూసుకుందాం" అన్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఇచ్చేసింది.

మాస్టారు పక్క సీట్లోంచి తన కర్చీఫ్ తీసి, సీటు దులిపి, బస్టాపుని అక్కడ కూర్చోబెట్టాడు. తోటి మాస్టారు గొణుగుతూ నిలబడ్డాడు. మోచేతులాయన సీటుకి అడ్డంగా నిలబడి రెండు మోచేతులూ బార్లా చాపాడు. ఈగను కూడా అటు పోనివ్వలేదు. స్పీకరమ్మ, "ఉండు వదినా, మా బస్సులో బస్టాపు ఎక్కింది" అని ఫోనుకి చెప్పి, "వెనక్కి జరగండి! పిల్ల చదువు!" అని ఆస్పత్రి గొంతు తీసింది. "గుంతల దగ్గర ఎత్తి పట్టుకోమను" అని ఫోనులోంచి ఆడపడుచు. ఎత్తి పట్టుకున్నారు కూడా! మా పిల్ల ఎలాగో ఎక్కి, నా పక్కన ఒంటికాలి మీద నిలబడి, బస్టాపు మీంచి కళ్ళు తీయకుండా వచ్చింది. కాలేజీ దగ్గర నమూనా మళ్ళీ కిటికీలోంచే దిగింది.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అది గుమ్మంలో కూర్చుని ఉంది. 

"ఏమైందే?"

"కప్పు బాగానే ఉంది పిన్నీ. స్తంభాలు బాగానే ఉన్నాయి. మనుషులే..." అని వెక్కింది. కుదుపులకి జిగురు ఊడిపోయి, లైన్లో ఉన్న బొమ్మలన్నీ జారి, చిన్న బస్సు తలుపు దగ్గర గుట్టగా పడ్డాయట. నీలం సంచీ బొమ్మ ఒక్కటే లైన్లో మిగిలిందట. దానికి జిగురు ఎక్కువ పెట్టుకుంది మరి!

"ఈ గుంపేంటని అడిగారు. జనం సార్, అన్నాను. మరి ఈ ఒక్కటేంటన్నారు. నేనండీ, అన్నాను. పరీక్ష చెయ్యడానికొచ్చిన ముగ్గురు సార్లూ పడీ పడీ నవ్వారు పిన్నీ. నా ప్లాను గురించి ఒక్క ముక్క చెప్పనిస్తే ఒట్టు."

"తర్వాత?"

"తర్వాతేముంది, పాస్ చేశారు."

"ఓసి నీ దుంపతెగ! అది ముందు చెప్పవే!" అని దాని నెత్తిన ఒక్కటిచ్చి, దగ్గరికి లాక్కున్నాను. అది ఏడుస్తూనే ఉంది. నేను కూడా ఏడ్చాను, కాకపోతే సంతోషానికి.

మర్నాడు బస్సు మా స్టాపుకొచ్చింది. నా కళ్ళు నేను నమ్మలేదు. స్తంభం పక్కన మా పిల్ల. దాని వెనక కర్చీఫ్ మాస్టారు. ఆయన వెనక మోచేతులాయన, చేతులు కట్టుకుని. తర్వాత స్పీకరమ్మ, ఇంకా ఎవరెవరో. లైను! దిగేవాళ్ళు దిగారు. మా పిల్ల మొదట ఎక్కి, మొట్టమొదటిసారి కిటికీ పక్కన కూర్చుంది. "చూశావా పిన్నీ! స్టాపు కట్టకముందే!" అంది. దాని ముఖం చూస్తే రాజ్యం గెలిచినట్టుంది.

నాకూ నిజమేననిపించింది. మాస్టారికి టిక్కెట్టిస్తూ, "ఏంటండీ ఈ మార్పు?" అన్నాను.

ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి, "నిన్న చూశాం కదమ్మా. ఆ పిల్ల ఎక్కేదాకా మీరు రైట్ చెప్పరు. దాని వెనకాల నిలబడితే బస్సు తప్పిపోదు" అన్నాడు.

మా పిల్లవైపు చూశాను. అది తన వెనక ఎక్కినవాళ్ళందరికీ పేరుపేరునా థాంక్స్ చెబుతోంది.

"మాస్టారూ, ఈ మాట దాని చెవిన పడిందో, ఇకనుంచి మీ కర్చీఫుకి కూడా టిక్కెట్టు కొడతాను" అన్నాను.

ఆయన కర్చీఫ్ జేబులోకి తోసుకున్నాడు.

"రైట్ రైట్!" అన్నాను.