కుర్చీ వీపు మీద మాట

మా ఆవిడ చనిపోయిన ఏడాది, బెంగళూరు యలహంకలో మా తెలుగువాళ్ల సాంస్కృతిక కేంద్రానికి ఆమె జ్ఞాపకంగా కొన్ని ఇనుప కుర్చీలు కొనిచ్చాను. రెండు వేల తర్వాతి తొలి సంవత్సరాలవి. అక్కడ ఇచ్చిన ప్రతి కుర్చీ వీపు మీదా పోయినవాళ్ల పేరు రంగుతో రాయిస్తారు. సభలో వెనక కూర్చుంటే కళ్ల ముందంతా చచ్చిపోయినవాళ్లే.

నేను పేరు వద్దన్నాను. ఆమె కాటన్‌పేటలో పుట్టింది. ఇంటికి ఎవరొచ్చినా "కుర్చీ ఉండాది, కూకో అప్పా" అనేది. ఆ మాట రాయించండి, చాలన్నాను.

అధ్యక్షుడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డు ఇంజనీరు. తెలుగును శుభ్రం చేసే పని తన మీద వేసుకున్నాడు. సంస్కృతం కలిస్తే శుభ్రమైపోతుందని ఆయన లెక్క.

"కుర్చీ అరబ్బీ మాటండి. అప్పా కన్నడం. ఉండాది ఏ భాషో దేవుడికే తెలియాలి. 'సాధ్వీమణి సంస్మరణార్థం సమర్పిత పీఠం' అందాం. ఎంత నిండుగా ఉందో చూడండి."

పక్కనున్న కోశాధికారి ఇక్కడివాడే, ఆనేకల్ మనిషి. "పీఠమంటే సాములోరు కూకునేది కదప్పా. మన జనాలు దానిమీద కూకుని బోండాలు తింటే బాగుండదు," అన్నాడు. అధ్యక్షుడు నవ్వలేదు.

కుర్చీ అరబ్బీ కన్నా చాలా పాతది. అరబ్బులకు అరామిక్ వాళ్ల నుంచి, వాళ్లకు బాబిలోనియా నుంచి వచ్చిందంటారు. మట్టి పలకల మీద రాసుకున్న కాలపు మాట, ఏ అధ్యక్షుడి అనుమతీ అడక్కుండా కాటన్‌పేట చేరింది. అదంతా ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. ఆయన తలమీది బోర్డు చూపించి, "కేంద్రం కూడా గ్రీకు నుంచి వచ్చిందేనండి," అన్నాను.

"వాళ్లే మన దగ్గర్నుంచి పట్టుకుపోయి ఉంటారండి," అన్నాడు, తడుముకోకుండా.

"కుర్చీ కూడా అలాగే పోయి తిరిగొచ్చిందనుకోండి."

"అది వేరండి. అందులో గౌరవం లేదు."

అప్పుడు అర్థమైంది. ఆయన చూసేది మాట ఎక్కడ పుట్టిందని కాదు, దాని ఒంటిమీద ఎంత బంగారం ఉందని. గట్టిగా వద్దని చెప్పి వచ్చాను. విన్నాడనుకున్నాను.

ఆమె సంస్మరణ సభ రోజు కాస్త ముందుగా వెళ్లాను. కుర్చీలన్నిటి మీదా సాధ్వీమణి, పచ్చ రంగులో, ఇంకా తడిగా ఉంది. చూసి ఉంటే నా భార్యకు పచ్చి మిరపకాయలంత కోపం వచ్చేది. సాధ్వి అంటే ఎవరింటావిడ అని అడిగి ఉండేది.

వంటగదిలోంచి కిరసనాయిలు, గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాను. అధ్యక్షుడు పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ, జనం వచ్చే వేళకి? సరే, మీ మాటే రాయిద్దాం, ఆపండి."

"ఇప్పుడేమీ వద్దండి."

ఆమె మాట కూడా ఈయన చేతిలో ఇంకో అలంకారమైపోతుందని తోచింది. ఉత్త ఇనుము మిగిలేదాకా తుడిచాను. ఒక కుర్చీ మీద మటుకు రంగు అప్పటికే ఎండిపోయింది, రాలేదు. సభ మొదలవకముందే దాన్ని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను.