పదకొండేళ్లు ఆగని సర్వర్

కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతికే మనిషి మా తాతయ్య. నల్లటి స్క్రీన్ ముందు కూర్చుంటే మాత్రం ఆయన వేళ్లకు కళ్లు మొలిచేవి. మౌస్ అంటే ఆయనకు చిన్నచూపు. బొమ్మల మీద నొక్కడం దారి తెలియనివాడు వేలు చూపించి అడగడం లాంటిదని, కీబోర్డు మీద కమాండ్ కొట్టడమంటే నోరు తెరిచి మాట్లాడటమని అనేవాడు.

రక్తపరీక్షలు చేసే ఒక లాబ్‌లో, మూల గదిలో, ఆయన నిలబెట్టిన సర్వర్ ఉండేది. అయిదు టెస్టు మిషన్లు చెప్పే అంకెలను పోగుచేసి ఎవరి రిపోర్టులోకి వాళ్లవి చేర్చడం దాని పని. రిటైరయ్యాక కూడా లాబ్ వాళ్లు తాతయ్యను రోజూ రానిచ్చింది దానికోసమే. అది ఉన్నన్నాళ్లే ఆయనకు అక్కడ కుర్చీ. ఈ సంగతి ఆయనకూ తెలుసు, అమ్మమ్మకు ఇంకా బాగా తెలుసు. తనకు జ్వరమొస్తే ఒక మాత్ర చేతిలో పెట్టి పోతారని, అది కాస్త వేడెక్కితే మాత్రం ఆదివారమైనా చెప్పులు తొడుక్కుంటారని ఆమె దెప్పేది.

ఆ సర్వర్ పదకొండేళ్లుగా ఒక్కసారీ ఆగలేదు. పొద్దున్నే వెళ్లగానే, ఎన్నాళ్లుగా నడుస్తున్నావని కమాండ్‌తో అడిగేవాడు తాతయ్య. అది రోజుల లెక్క చెప్పేది. మధ్యాహ్నం ఇంకోసారి అడిగేవాడు, ఇంటికి బయల్దేరే ముందు మరోసారి. చుట్టాలొస్తే ఆ అంకె చెప్పనిదే వాళ్లను మంచినీళ్లు కూడా తాగనిచ్చేవాడు కాదు.

ఆ గొప్పలో ఒక లొసుగు ఉంది. నడుస్తున్న సర్వర్‌కు చెప్పిన మాట, అది నడిచినంతకాలమే దానికి గుర్తుంటుంది. ఆగి మళ్లీ లేచాక కూడా గుర్తుండాలంటే, లేవగానే అది చదువుకునే ఫైల్లో ఆ మాట రాసిపెట్టాలి. కొత్త టెస్టు మిషన్ వచ్చినప్పుడల్లా తాతయ్య దానికీ సర్వర్‌కూ దారి కలిపేవాడు, అంకెలు రావడం కళ్లారా చూసేవాడు, రాయడం రేపు చూద్దాంలే అని లేచి వచ్చేసేవాడు. ఆగనిదానికి తొందరేముంది?

ఇంతలో ఆ బిల్డింగ్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. శనివారం సర్వర్ ఆపి, సోమవారం పొద్దుటికల్లా కొత్త చోట నడిపించాలని లాబ్ చూసుకునే మేడమ్ చెప్పింది. నడవకపోతే వేరేది పెట్టించేస్తానంది. తాతయ్య బెదరలేదు. తను కొట్టిన ప్రతి కమాండూ సర్వర్ హిస్టరీలో దాచుకుంటుంది, అది చూసి మళ్లీ కొడితే సరిపోతుందనుకున్నాడు. దాన్ని ఆపి, దుప్పటి చుట్టి, వ్యాన్‌లో ఒళ్లో పెట్టుకుని చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

కొత్త గదిలో సర్వర్ లేచింది. పాత రిపోర్టులన్నీ భద్రంగా ఉన్నాయి. టెస్టు మిషన్లు మాత్రం ఒక్కటీ పలకలేదు. తాతయ్య హిస్టరీ తెరిచాడు. అందులో చివరి వెయ్యి కమాండ్లే మిగులుతాయి. వెయ్యింటిలో దాదాపు అన్నీ ఒకటే: ఎన్నాళ్లుగా నడుస్తున్నావు, ఎన్నాళ్లుగా నడుస్తున్నావు. పదకొండేళ్ల పనిని తన మురిపెంతో తనే బయటికి నెట్టేశాడు. పైకి జరిపి చూశాడు, కిందికి జరిపి చూశాడు. ఇక మిగిలింది సొంత బుర్ర. కళ్లజోడు సంగతే గుర్తుండని బుర్ర.

ఆదివారమంతా తోచింది కొట్టాడు. ఒక మిషన్ పలికింది. రెండోదాన్ని కలపబోతే మొదటిది మూగబోయింది. అమ్మమ్మ అన్నానికి నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ బయల్దేరుతున్నానన్నాడు.

సోమవారం పొద్దున మేడమ్ ఒక ఇంజనీరు అమ్మాయిని పిలిపించింది. ఆ అమ్మాయి లాప్‌టాప్ తెరిచి, చెయ్యాల్సిందంతా ముందే వరసగా రాసి ఉన్న ఫైల్ ఒకటి తీసి, ఒకే ఒక్క కమాండ్ కొట్టి, టీ అందుకుంది. టీ చల్లారేలోపు కొత్త సర్వర్ నిలబడింది. గంటలో అయిదు మిషన్లూ పలికాయి.

"ఆపే ముందు దాన్నే అడిగి రాసుకోవాల్సింది కదా సార్" అంది, ఎత్తిపొడుపేమీ లేకుండా. "ఏ మిషన్‌కి ఏ దారో అదే చెప్పేది."

"రోజూ అడిగానమ్మా. అడగాల్సింది అడగలేదు."

కొత్త సర్వర్‌ను చూపిస్తూ, రేపు ఇది పడిపోతే ఎవరు లేపుతారని అడిగాడు తాతయ్య.

"లేపమండీ. తీసేసి ఇంకోటి పెడతాం."

తనకూ ఒక లాగిన్ ఇమ్మని ఆ అమ్మాయిని అడిగాడు. చూడ్డానికి మాత్రమే పనికొచ్చేది, ఏదీ ముట్టుకోవడానికి వీల్లేనిది ఇచ్చింది. మేడమ్ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, ఇక రోజూ శ్రమపడి రానక్కర్లేదని, అవసరమైతే కబురు చేస్తామని మర్యాదగా చెప్పింది.

మర్నాటి నుంచి తాతయ్య స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. లాగిన్ అయి కొత్త సర్వర్‌ను చూసేవాడు. అంతా బాగానే ఉండేది. బాగుండకపోయినా ఆయన చెయ్యగలిగిందేమీ లేదు. అమ్మమ్మ కూరలు తరుగుతూ, మీ సర్వర్ కులాసాయేనా అని అడిగేది. తనతో పనిలేనంత కులాసా అనేవాడు.

వారం తిరక్కుండానే, ఒక పొద్దున పాస్‌వర్డ్ చెల్లదంది. తాతయ్య మళ్లీ కొట్టాడు. చెల్లదంది. అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన వెనకాల నిలబడింది.

"కంగారులో తప్పు కొట్టారేమో. నిదానంగా కొట్టండి."

మూడోసారి ఒక్కో అక్షరం ఆమెకు వినపడేలా పైకి చెప్తూ కొట్టాడు. తప్పు కొట్టలేదని ఇద్దరికీ తెలిసింది.

"ఇంకొక్కసారి చూడండి" అంది అమ్మమ్మ, పక్కనే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంటూ.