సభలో మాట అందని రిపోర్టర్

శిక్షణకు వెళ్ళేవాళ్ళలో తన పేరే మొదట ఉందని తెలిసిన రోజు ఆనంద్ బాబు తెచ్చుకున్న టిఫిన్ డబ్బా తెరవలేదు.

శాసనసభలో సభ్యులు మాట్లాడేదాన్ని పొల్లుపోకుండా రాసుకునే రిపోర్టర్లలో ఆయన ఒకడు. స్పీకర్ కుర్చీకి ఎదురుగా, కాస్త కింద, వాళ్ళ బల్ల ఉంటుంది. కొద్ది నిమిషాలకొకరు వచ్చి అక్కడ కూర్చుని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటారు. మరొకరు రాగానే లేచి లోపలికి వెళ్ళి టైపు చేస్తారు. కనకమామిడిలో కూలి చేసుకునే బాలప్ప కొడుకు మెహదీపట్నంలో షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని ఆ బల్ల దాకా వచ్చాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన చేతిరాత ఎంత వేగమో తోటివాళ్ళకు తెలుసు. ఇద్దరు సభ్యులు ఒకేసారి లేచి అరుచుకుంటున్నా ఎవరి మాట వాళ్ళకు విడదీసి రాసేవాడు.

కొత్త విషయాలు నేర్చుకోవాలని ఆయనకు మొదటి నుంచీ ఆశ. ఢిల్లీలో పార్లమెంటు సిబ్బంది కోసం జరిగే తరగతుల గురించీ, వేరే రాష్ట్రాల సభలకు వెళ్ళి పని చూసి వచ్చేవాళ్ళ గురించీ విన్నప్పుడల్లా తననూ పంపమని అడిగేవాడు. ఉన్నవే కొన్ని సీట్లు. ప్రతిసారీ తనకన్నా ముందు చేరినవాళ్ళు వెళ్ళేవారు. వాళ్ళు తెచ్చిన పుస్తకాలు అడిగి తీసుకుని బస్సులో చదువుకునేవాడు.

ఇప్పుడు సెక్షన్‌కు అధికారిగా సమత వచ్చింది. వయసులో చిన్నది, చేవెళ్ల పిల్ల. ఆనంద్ బాబు పాత దరఖాస్తుల సంగతి తెలుసుకుని తనే పట్టుబట్టి ఆయన పేరు ముందు రాయించింది. ఆ మాట చెప్పడానికి ఆయన కుర్చీ దగ్గరికే వచ్చింది.

"ఆనందన్నా, ఈసారి మీ పేరే ముంగట పెట్టిన. ఢిల్లీ నుంచి వాళ్ళే ఇక్కడికి వస్తున్నరు. రికార్డయిన మాటను కంప్యూటరే రాస్తది. మనం హెడ్‌ఫోన్ పెట్టుకోని విని తప్పులు దిద్దాలె. షార్ట్‌హ్యాండ్ ఇగ ఉండది."

ఆనంద్ బాబుకు ఆ మాటల్లో సగమే అందాయి. మిగతావి ఆమె పెదవులు చూసి పోల్చుకున్నాడు. హెడ్‌ఫోన్ అన్న మాట మాత్రం స్పష్టంగా తెలిసింది.

ఆయనకు చెవులు పోతున్నాయి. ఒక్కసారిగా పోలేదు. మొదట పిట్టల కూత పోయింది, అది పోయినట్టు కూడా తెలియలేదు. తర్వాత మాటల్లోంచి కొన్ని అక్షరాలు రాలిపోవడం మొదలైంది. స, శ, ఫ లాంటివి గాలిలా వచ్చి గాలిలా పోయేవి. సభలో మైకు ఉండేది, ముఖాలు కనిపించేవి, ఇన్నేళ్ళ అలవాటు ఉండేది. ఏ సభ్యుడు ఏ మాట తర్వాత ఏ మాట అంటాడో ఊహించి రాసుకుంటూ వచ్చాడు. కిందటి సమావేశాల్లో ఒక సభ్యుడు తన మండలానికి సాగునీరు ఎప్పుడిస్తారని అడిగాడు. ఆనంద్ బాబు తాగునీరు అని రాశాడు. షార్ట్‌హ్యాండ్‌లో స చిన్న సున్న, త నిలువు గీత. చేయి పొరబడటానికి వీల్లేని గుర్తులు, తప్పు చెవిదే. అచ్చుకు ముందు ఆ సభ్యుడే చూసి దిద్దించాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆనంద్ బాబుకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

సమత దగ్గరికి వెళ్ళి తన పేరు తీసేయమన్నాడు.

"ఎందుకన్నా? ఇన్నేండ్లు అడిగిన్రు గద."

"ఇంట్ల జర ఇబ్బంది ఉన్నది మేడమ్. వచ్చేసారి పోత."

"వచ్చేసారి అనేది లేదు. ఇది నేర్చుకోనోళ్ళు వచ్చే సమావేశాలల్ల బల్ల కాడ కూసునేది ఉండది. మీ మంచికే చెప్తున్న."

ఆయన తల ఊపి బయటికి వచ్చాడు. శిక్షణకు వెళితే బయటపడుతుంది. వెళ్ళకపోతే బల్ల పోతుంది. ఆ సాయంత్రం ఊరికి తిరిగి వస్తూ మొయినాబాద్ దాకా బస్సులో నిలబడే వచ్చాడు, సీటు ఖాళీ అయినా చూడలేదు.

అప్పటి నుంచి ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే పెరట్లో కుర్చీ వేసుకుని, ఫోన్‌లో పాత సభల వీడియోలు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చి, సౌండ్ చివరిదాకా పెంచేవాడు. తెర చూడకుండా కళ్ళు మూసుకుని వినేవాడు. చెవులు గుయ్యిమనేవి, తల పగిలిపోయేది, మాట మాత్రం విడిపడేది కాదు. గోడ అవతలి ఫామ్‌హౌస్‌లో పట్నం వాళ్ళ పార్టీ జరుగుతుంటే ఆ డీజే దడదడ ఆయనకు బాగానే వినపడేది. మనిషి గొంతే అందేది కాదు.

భార్య కృపాజ్యోతి ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్. ఒకనాడు వచ్చి ఎదురుగా కూర్చుని, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసింది.

"ఉన్నది గూడ పోగొట్టుకుంటవా ఏంది?" అంది.

"ఏం ఉన్నది?"

"నాకు ఎరుకలేదా? చర్చిల అందరు పాట ఆపినంక నువ్వు ఒక్కనివే పాడుతున్నవు. పాస్టర్ గారు చూసి ఊకున్నడు. నేను ఎన్కకెల్లి పిలిస్తె నువ్వు మర్లి చూడక ఎన్ని దినాలాయె."

ఆనంద్ బాబు మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఆమె ఆయన చేతులు పక్కకు తీసి, తన పెదవులు కనపడేలా ముందుకు వంగింది.

"మీ మేడంకు చెప్పు. దవాఖానకు పోదాం."

"చెప్తె అయిపోతది జ్యోతి. వినపడని రిపోర్టర్‌ను ఏం చేసుకుంటరు? నాకు ఇంకో పని రాదు."

ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆయన వినలేదు.

శిక్షణ మొదలైంది. తొలి రోజుల్లో సభా నియమాలు, ఎడిటింగ్ పద్ధతులు తెర మీద చూపిస్తూ చెప్పారు. చదివి అర్థం చేసుకునేవి కాబట్టి ఆనంద్ బాబుకు అడ్డు రాలేదు. ఒక మధ్యాహ్నం అయితే నిజంగానే సంతోషంగా అనిపించింది. ఇంతకాలం ఆశపడ్డది ఇదే కదా అనుకుంటూ పేజీల కొద్దీ రాసుకున్నాడు.

తర్వాత హెడ్‌ఫోన్లు పంచారు.

సౌండ్ ఎంత పెంచాడంటే పక్కన కూర్చున్న తోటి రిపోర్టర్ హరీష్ తిరిగి చూశాడు. ఇక్కడ ముఖాలు లేవు, పెదవులు లేవు, ఉన్నదంతా గొంతే. తెర మీద కంప్యూటర్ రాసిన వాక్యాలు వరసగా వస్తున్నాయి. ఆయనకు వినపడిన హోరును బట్టి ఆ వాక్యాలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియలేదు. చదవడానికి బాగున్నవన్నీ అలాగే వదిలేశాడు. అతకని మాటల చోట అసలు ఏముండాలో తెలియక వాటినీ వదిలేశాడు. అక్కడక్కడ దీర్ఘం, ఒత్తు సరిచేసి, దిద్దినట్టు కనిపించేలా చూసుకున్నాడు. పక్కవాళ్ళ కన్నా ముందే పని అప్పగించాడు.

మర్నాడు శిక్షకుడు కొందరి పనిని పెద్ద తెర మీద వేసి, అసలు రికార్డింగును గదిలో అందరికీ వినిపించాడు. ఆనంద్ బాబు దిద్దిన పేజీ వచ్చింది. సభ్యుడు చెరువు నీళ్ళు నిలిచే నేలను చెరువు శిఖం భూమి అన్నచోట కంప్యూటర్ చెరుకు సుఖం భూమి అని రాసింది. అది అలాగే ఉంది. గదిలో నవ్వులు లేచాయి. పేజీలో ఏ మాటకో తెలియక, అందరూ నవ్వుతున్నారని ఆనంద్ బాబూ నవ్వాడు. ఆయన నవ్వు మొదలయ్యేసరికి మిగతావాళ్ళ నవ్వు ఆగిపోయింది.

శిక్షకుడు ఆయన వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆనంద్ బాబు లేచి నిలబడ్డాడు. శిక్షకుడు రికార్డింగు మళ్ళీ వినిపించి మళ్ళీ అడిగాడు. అందరి ముఖాలూ ఆయన వైపే ఉన్నాయి. ఎవరి పెదవులూ కదలడం లేదు, పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

"నాకు వినపడదు సార్," అన్నాడు. అవసరమైన దానికన్నా గట్టిగా అన్నాడని హరీష్ తర్వాత చెప్పాడు.

సమత ఆయనను బయట వరండాలో కలిసింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయనకు అందేలా ఒక్కో మాటే అంది.

"నాకు ఎందుకు చెప్పలే అన్నా? నేనే గద మీ పేరు రాయించిన. మిమ్మల్ని నేనే తీస్కపోయి అందరి ముంగట నిలబెట్టినట్టు అయింది."

"చెప్తె బల్ల కాడ కూసోనిస్తుంటిరా మేడమ్?"

ఆమె ఆ ప్రశ్నను దాటేసి, ఉద్యోగంలో ఉండగా ఇలా అయినవాళ్ళను తీసేయడానికి చట్టం ఒప్పుకోదని, జీతం ఎక్కడికీ పోదని చెప్పింది. ఆయన ఆ మాటకు తల ఊపాడు గానీ అది విన్నట్టు లేదు. లోపల శిక్షణ మళ్ళీ మొదలైంది. ఆయన సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

కృపాజ్యోతి తీసుకెళ్తే డాక్టరు పరీక్ష చేసి, నరం దెబ్బతిన్నదని, పోయింది తిరిగి రాదని చెప్పాడు. రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. ఇంట్లో, తలుపు వేసుకుని ఆమె ఒక్కతే మాట్లాడితే బాగానే అందేది. నలుగురు కలిస్తే కంకర తిప్పే మిక్సర్‌లో తల పెట్టినట్టు ఉండేది. సభ అంటే నలుగురు కాదు. కొన్నాళ్ళు ఆయన స్నానం చేసి తయారై, గడప దాకా వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకునేవాడు. కృపాజ్యోతి ఆయనను వదిలి అంగన్‌వాడీకి పోవడానికి భయపడి, తనతో పాటు తీసుకెళ్ళి పిల్లల మధ్య కూర్చోబెట్టుకునేది.

చివరికి సమతే ఆయనను ప్రశ్నల విభాగానికి మార్పించింది. సభ్యులు రాసి పంపే ప్రశ్నలను నియమాల ప్రకారం చూసి శాఖలకు పంపడం అక్కడి పని. అంతా కాగితమే. ఆనంద్ బాబుకు అందులో ఏదీ తెలియదు. నిన్నగాక మొన్న చేరిన దీక్షిత అనే అమ్మాయి ఆయనకు పని నేర్పుతోంది. చెప్పేది రాసి చూపిస్తుంది, ఆయన చదివి తల ఊపుతాడు. రెండుసార్లు తప్పు శాఖకు పంపాడు. ఆమే వాటిని వెనక్కి తెప్పించింది.

సమావేశాలు మొదలైన రోజు ఆ గది గోడ మీది స్పీకర్‌లో సభ మాటలు వినిపిస్తున్నాయి. అందరూ పని చేసుకుంటూనే ఓ చెవి అటు వేశారు. ఆనంద్ బాబు చెవి మిషన్లలోకి గరగర మాత్రమే వస్తోంది. ఆయన కణతలు నొక్కుకోవడం దీక్షిత చూసింది.

కాగితం మీద రాసి చూపించింది: "అన్నా, సౌండ్ బంద్ చెయ్యనా?"

"వద్దు, ఉండనియ్యి," అన్నాడాయన. "మాట్లాడుతున్నది ఎవరో చెప్పు చాలు."

ఆమె సభ్యుడి పేరు రాసింది. ఆనంద్ బాబు ఆ పేరు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ సభ్యుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో, ఏ మాట దగ్గర తడబడతాడో ఆయనకు తెలుసు. బల్ల మీద కుడిచేయి కొంచెం కదిలి ఆగిపోయింది. కాసేపటికి మిషన్లు తీసి డబ్బాలో పెట్టి, ముందున్న ప్రశ్నను మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.