తమ్ముడి కందులు, నేను పంపిన ఓడ

వాంకూవర్‌లో నేను చేసే ఉద్యోగం మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. ధాన్యం ఎగుమతి చేసే కంపెనీలో కాగితాలు చూస్తాను. ఇండియాకు వెళ్లే పసుపు బఠాణీల్లో బతికున్న పురుగు లేదని, మిగతావన్నీ రూల్స్ ప్రకారం ఉన్నాయని సరిచూసి పంపితేనే ఓడ కదులుతుంది. ఊళ్లో మాత్రం నేను ఓడలే నడుపుతున్నానని చెప్పుకుంటారు. నేనూ కాదనలేదు. గొప్పలు ఎవరికి చేదు?

ఆ గొప్పే కొంప ముంచింది.

నిరుడు కందులు చేతికొచ్చాక, వికారాబాద్ దగ్గర సేద్యం చేసే మా తమ్ముడు ఫోన్ చేశాడు. నేను పొద్దున్నే స్కైట్రైన్‌లో ఆఫీసుకు వెళ్తున్నాను.

“అక్కా, ధర దిగుతున్నది. అమ్మెయ్యాల్నా, ఆగాల్నా? నీకైతే ఎరుకుంటది గదా. ఈ పంట గూడ పోతే పొలం కౌలుకిచ్చి పట్నంల వాచ్‌మన్ పనికి పోవుడే.”

ధర ఎందుకు దిగుతోందో నాకు తెలుసు. దిగుమతి సుంకం లేకుండా మా బఠాణీలు అక్కడ దిగుతుంటే జనం చవకైన పప్పే కొంటారు, కందిని అడిగేవాళ్లు తగ్గిపోతారు. కానీ ఆ సుంకం లేని గడువు ఇంకో నెలలో ముగుస్తుందని, ఇక పొడిగించరని మా ఆఫీసులో అందరూ అనుకుంటున్నారు. కాఫీ మెషీన్ దగ్గర విన్న ముక్కను వేదవాక్కులా వాడికి వినిపించాను.

“ఆగురా. మా ఓడలు ఆగిపోతయ్. ధర అదే లేస్తది.”

వాడు ఇంకో మాట అడగలేదు. ఊరంతా అమ్ముకుంటుంటే వాడొక్కడే బస్తాల్లో ఎండు వేపాకు కలిపి ముందుగదిలో పేర్చుకున్నాడు. ఫోటో కూడా పంపాడు. మంచాలు వసారాలోకి చేరాయి.

వారం ఉందనగా గడువు పొడిగించారు. ఢిల్లీలో ఎవరో ఒక కాగితం మీద తేదీ మార్చారు, అంతే. ఆ పొద్దున మా ఆఫీసులో డోనట్లు తెప్పించారు. నేనూ ఒకటి తిన్నాను. సిగ్గు లేదా అంటే, ఉంది. అయినా తిన్నాను.

ఆ వారమే ఇండియాకు బఠాణీలు తీసుకెళ్లే ఇంకో ఓడ రేవుకొచ్చింది. ఇక్కడ వాన పడుతుంటే ధాన్యం నింపరు, ఓడ మూతలు వేసేస్తారు. నాలుగు రోజులు విడవకుండా కురిసింది. చిన్నప్పుడు కప్పతల్లి ఆడి ఇల్లిల్లూ తిరిగి వానను పిలిచినదాన్ని, కిటికీ దగ్గర నిలబడి ఈ వాన ఆగొద్దని మొక్కుకున్నాను. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా? అయిదో రోజు ఎండ కాసింది. సాయంత్రానికి కాగితాలు నా టేబుల్ మీదికి వచ్చాయి. ఒక్క తప్పు కనబడితే చాలని మూడుసార్లు చదివాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పంపేశాను.

ఆ ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే, ధర లేస్తుందని తమ్ముడు అమ్మకుండా ఆపుకున్న కందులకు పురుగు పట్టింది. వేపాకు ఎన్ని నెలలని కాస్తుంది? గింజల నిండా చిల్లులు. ఏ ధరకు అమ్మాడో వాడు చెప్పలేదు, అడిగే మొహం నాకు లేదు. నాలుగెకరాల్లో రెండు కౌలుకిచ్చేశాడని అమ్మ ద్వారా తెలిసింది. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న తొలకరికి ముందు మళ్లీ ఫోన్ చేశాడు.

“అక్కా, విత్తనాలకు పోతున్న. ఉన్న రెండెకరాల్ల కంది ఎయ్యాల్నా, వద్దా? నువ్వెట్ల అంటే అట్ల.”

నా ఎదుట స్క్రీన్ మీద వచ్చే నెల ఓడల జాబితా ఉంది. గడువు మళ్లీ పొడిగిస్తారని ఆఫీసులో సగంమంది, పొడిగించరని సగంమంది.

“నాకు తెల్వదురా. అప్పుడు గూడ తెల్వదు. ఉత్తగనే చెప్పిన.”

వాడు నవ్వాడు.

“ఊకో అక్కా. ఓడలు నడిపేదానివి, నీకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది?”

వెయ్యమంటానో వద్దంటానో నేను తేల్చేదాకా వాడు ఫోన్ పెట్టేలా లేడు.