మా వీధి మూలకు విజిల్

బుజ్జోడా, ఈ సాయంత్రం ఆదోనిలో మన వీధికి ఎస్సై సారు వచ్చి మీటింగు పెట్టాడు. గలాటా వినబడితే అందరూ బయటికి రావాలని, మూలకొకరు విజిల్ పెట్టుకోవాలని చెప్పాడు.

పత్తి మిల్లు డ్యూటీ దిగి వస్తున్న నిన్ను బండి గుద్ది పారిపోయిన మూల వంతు వచ్చేసరికి విజిల్ తీసుకోను ఎవరూ ముందుకు రాలేదు. ఆ రాత్రి నీ అరుపు విని, తాగినోళ్ల గొడవనుకుని గడియ పెట్టుకున్నది వీళ్లే. నేనే చెయ్యి చాపాను.

"నీకెందుకమ్మా? రాత్రిళ్లు మేలుకోవాల," అన్నాడు సారు.

"నాకు నిద్ర యాడుంది సార్? ఎట్లాగూ మేలుకోనే ఉంటాండాను."

సారు విజిల్ నా చేతిలో పెట్టాడు. ఊదితే ఉత్త గాలే వచ్చింది. నువ్వుంటే పడీపడీ నవ్వేవాడివి. ఎదురింటి ఫాతిమా మాత్రం ఏడ్చింది.

"గట్టిగా ఊదక్కా. ఈసారి నేను తలుపు తీస్తా," అంది.

రేపటికి ఊదడం నేర్చుకోవాలి. ఇది చదివేవాళ్లలో విజిల్ ఊదడం తెలిసినవాళ్లు ఎట్లాగో చెప్పండి. మీ వీధిలో అరుపు వినబడితే మీరు తలుపు తీస్తారా, అదీ చెప్పండి.

నా కొడుకు బుజ్జోడు ఆ రోజు తినకుండానే పోయాడు. మీరు కడుపునిండా తినండి.